ఊరు మొదలయ్యే చోటు

గణేష్ మేస్త్రి పశువుల ఆసుపత్రి మలుపు దగ్గర రోడ్డుకు అడ్డంగా ముగ్గుపిండితో గీత గీస్తుంటే, ఆనందకుమారి తన దోసెల బండి దగ్గర్నించి చూసి, ఊళ్ళో ఏదో మంచి పని మొదలైందనే అనుకుంది. పెనం మీద నీళ్ళు చిలకరించి, ఉల్లిపాయ చెక్కతో నూనె రాసి, గరిటెడు పిండి పోసి గుండ్రంగా తిప్పింది. దాని మీద ఎర్రకారం పూస్తూ, "ఏం కడతుండారు మేస్త్రీ?" అని కేకేసింది.

"ఆర్చి అక్కా! 'ఉప్పుసత్రం మీకు స్వాగతం' అని పెద్ద అక్షరాలు రాసి, చుట్టూ రంగు లైట్లు పెడతారంట. రొయ్యల మేత సంజీవరావుగారు కట్టిస్తుండారు."

గణేష్ చేతులు దులుపుకొని, బండి పక్కనున్న రాతి అరుగు మీద కూర్చొని దోసెకు ప్లేటు పట్టాడు. ఆనందకుమారి దోసె వేసి, మళ్ళీ ఆ గీత వైపు చూసింది. గీతకు అవతల పశువుల ఆసుపత్రి, ఆ తర్వాత సంజీవరావు కొత్తగా కట్టించిన కల్యాణ మండపం, బజారు, పంచాయతీ ఆఫీసు. ఇవతల తన బండి, అరుగు, సత్రం వీధి, కాలువ, కాలువ మీద వంతెన. వంతెన దిగితే తమిళనాడు.

"అదేంది మేస్త్రీ, గీత అక్కడ గీసినావు? ఊరు మొదలయ్యేది ఇక్కడ గదా?"

"ఆడ గీయమన్నారు, గీసినా. మండపానికి ఎదురుగా ఉంటే పెళ్ళిళ్ళకొచ్చే వాళ్ళు ఫొటోలు దిగుతారంట."

అరుగు మీద కూర్చొని తింటున్నవాళ్ళలో ఒకడు నవ్వి, "అయితే అక్కా, రేపట్నించి నువ్వు ఉప్పుసత్రం కాదు. నీది బోర్డు లేని ఊరు" అన్నాడు. అందరూ నవ్వారు. ఆనందకుమారీ నవ్వింది. ఎవరి నవ్వయినా సరే పంచుకోవడం ఆమెకు అలవాటు. కానీ ఆ తర్వాత వేసిన దోసె ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా వచ్చింది.

ఉప్పుసత్రానికి ఆ పేరు వచ్చిందే వాళ్ళు కూర్చున్న అరుగు వల్ల. ఉప్పు బస్తాలేసుకొని పడవలు మద్రాసుకు పోయే రోజుల్లో, పడవవాళ్ళు దిగి వండుకు తిని పడుకోడానికి ఎవరో వర్తకుడు ఇక్కడ సత్రం కట్టించాడట. పడవలు లాగేవాళ్ళు, బస్తాలు మోసేవాళ్ళు దాని చుట్టూ వేసుకున్న గుడిసెలే సత్రం వీధి అయ్యాయి. వాళ్ళ పిల్లలు మిషన్ బడిలో చదువుకున్నారు, చర్చి కట్టుకున్నారు. తర్వాత రైలు పడమటి వైపు వచ్చింది, దాని వెంట బజారూ పడమటికి జరిగింది. రాష్ట్రాలు విడదీసినప్పుడు హద్దు కాలువ మీదుగా పోయింది. సత్రం కూలిపోయింది. అరుగు మాత్రం మిగిలింది. శ్రీహరికోటలో రాకెట్ వదిలే రోజుల్లో వంతెన మీద కార్లాపి చూసే జనం కిందికి దిగి ఆ అరుగు మీదే దోసెలు తింటారు.

పొద్దెక్కుతుండగా పద్మనాభయ్య వచ్చాడు. ఆయన ఊరి ప్రెసిడెంటు. వరి పొలాలున్న మనిషి, చెడ్డవాడు కాదు. పొలం చూసుకొని వస్తూ రోజూ ఆనందకుమారి బండి దగ్గర మోటారు సైకిలు ఆపి, దిగకుండానే కారం దోసె తిని పోతాడు.

"ప్రెసిడెంటన్నా, ఆర్చి మా వీధి వదిలేసి అవతల కడతారంటనే?"

"ఆర్చి అంటే షోకు మే ఆనందా. యాడుంటే ఏమి?" అన్నాడు ఆయన దోసె తుంచుతూ. "గేటు లోపలున్నా బయటున్నా ఊరు ఊరే గదా."

"అట్లయితే గేటు మీ ఇంటి వెనకాల కట్టించు అన్నా. మీ ఇల్లు బయటుంటది, అంతే గదా."

పద్మనాభయ్యకు పొలమారింది. నీళ్ళు తాగి, "నీ నోటికి చాలను మే" అని నవ్వేసి, బండి స్టార్ట్ చేశాడు.

*

ముగ్గుపిండి గీత ఎంత పని చేస్తుందో మర్నాడు తెలిసింది.

ఉప్పుసత్రంలో ఎక్కడ బోరు వేసినా ఉప్పునీళ్ళే. తాగే నీళ్ళు పంచాయతీ ట్యాంకరు తెచ్చి పోయాలి. ట్యాంకరు బజారు నుంచి మొదలై, వీధి వీధీ తిరిగి, చివరగా సత్రం వీధికి వచ్చి, అరుగు ముందు వెనక్కి తిరిగి పోయేది. ఆ పొద్దున ఆడవాళ్ళు వరసగా బిందెలు పెట్టుకొని, పక్కింటి సంగతులన్నీ ముగించి, సీరియల్ కథల్లోకి దిగారు. మలుపు దగ్గర ట్యాంకరు కనిపించింది. ఎవరి బిందెలు వాళ్ళు సర్దుకున్నారు. ట్యాంకరు తెల్లగీత దాకా వచ్చి, ఆగి, వెనక్కి ముందుకి రెండు ఊపులు ఊగి, తిరిగి వెళ్ళిపోయింది.

ఆనందకుమారి పెనం కింద మంట తగ్గించి, చెంగు బిగించి పరిగెత్తింది. మండపం దాటాక ట్యాంకరును పట్టుకుంది.

"ఒరే సుబ్బూ! కళ్ళు కనపడవా ఏంది? అంత మంది నిలబడుంటే తిరుక్కొని పోతావా?"

డ్రైవరు సుబ్బు తల బయటపెట్టాడు. అతని మొహంలో తప్పు చేసిన జాడేమీ లేదు. "గీత గీసుండారు గదక్కా. ఊరు ఇక్కడిదాకానే అన్నారు. డీజిలు కూడా కలిసొస్తదని ఇట్లే తిప్పినా."

"ఎవురన్నారు ఇక్కడిదాకానే అని?"

సుబ్బు ఆలోచించాడు. "ఎవురో అన్నారక్కా. అందరూ అంటుండారు."

ఆ రోజు సత్రం వీధి ఆడవాళ్ళు బజారు దాకా పోయి బిందెలు మోసుకొచ్చారు. ఆనందకుమారి పంచాయతీ ఆఫీసుకు పోయింది. ప్రెసిడెంటు సూళ్ళూరుపేటకు పోయున్నాడు. ఫోన్ చేస్తే, "సుబ్బుకు చెబుతాలే మే" అన్నాడు. చెప్పాడో, మరిచిపోయాడో, మర్నాడూ ట్యాంకరు గీత దగ్గరే తిరుక్కొని పోయింది.

"అర్జీ రాద్దాం మా. కలెక్టరుకు పంపిద్దాం" అంది కూతురు డెబోరా. ఆమె సూళ్ళూరుపేటలో డిగ్రీ చదువుతోంది.

"అది పోయి వచ్చేలోపల ఆర్చికి రంగులు కూడా వేసేస్తారు మే" అంది ఆనందకుమారి.

ఆనందకుమారి భర్త క్రీస్తురాజు గోడకానుకొని క్లారినెట్ తుడుచుకుంటున్నాడు. బ్యాండ్ సెట్టులో క్లారినెట్ ఆయనదే. "ఆనందా, కొంచెం నిదానం. మండపం సంజీవరావుది. మన బ్యాండుకు పెళ్ళిళ్ళు చెప్పేది ఆయన మనుషులే. నోరు జారితే మనకే దెబ్బ."

"నేను నోరు జారేదేమీ లేదు. నా మాటలు దోసెల మాటలే" అంది ఆమె. కోపమొస్తే ఆమె పిండి రుబ్బుతుంది. ఆ రోజు రెండు రోజులకు సరిపోయేంత పిండి రుబ్బింది.

మర్నాడు పొద్దున్నే పద్మనాభయ్య మోటారు సైకిలు వచ్చి ఆగినప్పుడు, ఆనందకుమారి ఏం అనాలనుకుందో ఆమెకే తెలియదు. మొహం నిండా నవ్వు పులుముకొని, రెండు చేతులూ జోడించి, "వాంగ సార్, వాంగ! ఉక్కారుంగ. ఎంద ఊరు నీంగ?" అంది.

రండి, కూర్చోండి, ఏ ఊరు మీది అని. అరవంలో.

పద్మనాభయ్య దోసె కోసం చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. "ఏంది మే, పొద్దున్నే అరవం?"

"మన్నిక్కణుం సార్, తెలుంగు తెరియాదు" అంది ఆమె వినయంగా. క్షమించాలి, తెలుగు రాదు. అరుగు మీద ఉన్నవాళ్ళు గుక్క తిప్పుకోలేక నవ్వారు. పద్మనాభయ్య కూడా నవ్వాడు గానీ, దోసె తింటున్నంతసేపూ ఆమె ఒక్క ముక్క తెలుగు మాట్లాడలేదు. చట్నీ కావాలంటే ఆయనే "ఇంకొంచెం... చట్నీ" అని చేత్తో చూపించాల్సి వచ్చింది.

*

ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నానికి సత్రం వీధి మొత్తం అరవమైపోయింది.

సరిహద్దు ఊళ్ళో అరవం రానివాళ్ళు లేరు. సంతకు పోయేది వంతెన అవతలికే, సగం చుట్టరికాలూ అవతలే. కేబుల్ డబ్బులకొచ్చిన కుర్రాడికి ముసలమ్మ ఎలిశబెతు తన ఇంట్లో టీవీయే లేదని అరవంలో ఒట్టేసి చెప్పింది. లోపల టీవీ మోగుతూనే ఉంది. పోస్ట్‌మ్యాన్ పేరు పిలిస్తే, "యారు?" ఎవరది అని నలుగురు బయటికొచ్చారు. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు ఆశీర్వాదం దాకా తెలుగులోనే నడిపి, చివర్న కళ్ళు మూసుకొనే "స్తోత్తిరం" అన్నారు. చర్చిలో అంత గట్టిగా నవ్విన ఆదివారం ఇంకోటి లేదు.

అందరిలోకీ ఘోరమైన అరవం క్రీస్తురాజుది. ఆయన తోటపల్లి గూడూరు దగ్గర పుట్టినవాడు, పెళ్ళయ్యాకే ఈ ఊరొచ్చాడు. ఆర్చి ప్రారంభానికి బ్యాండు మాట్లాడదామని సంజీవరావు మనిషి వచ్చినప్పుడు ఇంటి ముందు ఒక్కడే దొరికాడు. వీధి వీధంతా తలుపుల్లోంచి చూస్తోంది. క్రీస్తురాజు భార్య వైపు చూశాడు. ఆనందకుమారి చూపు పెనం మీదికి తిప్పుకుంది. బలవంతం చేయడం ఆమెకు ఇష్టం లేదు. ఆయన గొంతు సవరించుకొని, "తెలుంగు... తెలుంగు ఇల్లె. నాన్ అరవం. మొత్తం అరవం" అన్నాడు.

ఆ మనిషి విసుక్కుంటూ పోయాడు. క్రీస్తురాజు అరుగు మీద కూలబడి, "పోయింది ఆనందా, పెద్ద బేరం" అన్నాడు. ఆమె ఆ రోజు మొదటిసారి తెలుగులో మాట్లాడి, "నీ అరవం వింటే వాళ్ళు భాష కోసమన్నా మనల్ని వెనక్కి తీసుకుంటారు" అంది. ఆయన ముందు మూతి ముడిచి, తర్వాత నవ్వాడు. ఆమె నెయ్యి దోసె వేసి పెట్టింది.

బజార్లో ఇదే మాట. కొందరు తమాషాకు వచ్చి దోసెలు తిని పోయారు. కొందరు, "వాళ్ళన్నదాంట్లో తప్పేముంది?" అన్నారు. అయినా గీత పక్కన గుంటలు తవ్వుతూనే ఉన్నారు. ట్యాంకరు గీత దగ్గర తిరుక్కొని పోతూనే ఉంది.

ఆ మాట వంతెన దాటింది. అవతలి ఊరి ప్రెసిడెంటు హాస్యం తెలిసిన మనిషి, పైగా ఎలిశబెతు మేనల్లుడికి స్నేహితుడు. మంగళవారం పొద్దున, వంతెన మీంచి హారన్ మోగించుకుంటూ ఆకుపచ్చ ట్యాంకరొకటి దిగింది. దాని ఒంటి నిండా అరవ అక్షరాలు. అరుగు ముందు ఆగి, డ్రైవరు దిగి, "తణ్ణి వేణుమా అక్కా?" అన్నాడు. నీళ్ళు కావాలా అని.

సత్రం వీధి ఒక్క క్షణం నివ్వెరపోయింది. మరుక్షణం బిందెలు, బకెట్లు, పిల్లల నీళ్ళ సీసాలు, క్లారినెట్ కడిగే చెంబుతో సహా బయటికొచ్చాయి.

సరిగ్గా అప్పుడే పద్మనాభయ్య పొలం నుంచి వచ్చాడు. మోటారు సైకిలు ఆపాడు. ఈసారి దిగాడు. పక్క రాష్ట్రం ట్యాంకరు పైపులోంచి తన ఊరి ఆడవాళ్ళ బిందెల్లోకి నీళ్ళు పడుతుంటే, ఆ చప్పుడు వింటూ నిలబడ్డాడు. అవతలి డ్రైవరు ఆయన్ను చూసి మర్యాదగా నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారమే ఆయన్ను ఎక్కువ బాధపెట్టినట్టుంది. చెవులు ఎర్రబడ్డాయి.

ట్యాంకరు వెళ్ళిపోయాక, ఆయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆ అరుగు మీద కూర్చోవడం ఆనందకుమారి చూడలేదు.

"ఒరు కార దోసై కుడు మే" అన్నాడు, తల వంచుకొని.

ఆమె దోసె వేసింది. ఎర్రకారం అంచుల దాకా పూసి, బాగా కాల్చి, ప్లేటు ఆయన చేతికిచ్చింది.

"నేను చెప్పలేదు మే ఆనందా, ట్యాంకరు ఆపమని. నిజంగా చెప్పలేదు."

"ఆపొద్దని కూడా చెప్పలేదు గదన్నా" అంది ఆమె, తెలుగులో.

ఆయన దోసె ముగించి ప్లేటు పక్కన పెట్టాడు. "సంజీవరావుకు నేను చెప్పుకుంటా. ఆయన పేరు ఆర్చి మీద ఉంటే చాలు, ఆర్చి యాడుంటే ఏమి ఆయనకు. ఇప్పుడు చెప్పు, యాడ పెట్టమంటావు?"

ఆ ప్రశ్న తననెవరైనా అడుగుతారని ఆనందకుమారి కలలో కూడా అనుకోలేదు. చుట్టూ చూసింది. వీధంతా ఆమె మొహం వైపే చూస్తోంది.

"ఇక్కడ. ఈ అరుగు ముందర" అంది.

*

సత్రం వీధికి తెలుగు తిరిగొచ్చింది. సుబ్బు ట్యాంకరు తెచ్చి, ఏమీ జరగనట్టు, "పట్టుకోండక్కా" అన్నాడు. క్రీస్తురాజు బ్యాండుకు ప్రారంభోత్సవం బేరం తిరిగొచ్చింది. మలుపు దగ్గరి గుంటలు పూడ్చేశారు. గణేష్ మేస్త్రి వచ్చి అరుగు పక్కన మేకు పాతి, తాడు కట్టి, కొత్త గీత గీశాడు. ఒక స్తంభం సరిగ్గా దోసెల బండి పక్కనే వస్తుంది.

"అక్కా, నీ అదృష్టం. లైట్లన్నీ నీ పెనం మీదే" అన్నాడు.

ఆనందకుమారి అప్పుడే ఆ లెక్కలో పడింది. ఇంకో పెనం కొనాలి. ప్లాస్టిక్ కుర్చీలు వేయాలి. సాయంత్రం కూడా బండి పెట్టొచ్చు. వంతెన దిగి వచ్చే ప్రతి కారూ ఆర్చి చూసి నెమ్మదిస్తుంది, నెమ్మదిస్తే కారం వాసన తగులుతుంది, వాసన తగిలితే ఆగకుండా పోయేదెవరు? "బండికి పేరు పెట్టాల మా. 'ఆర్చి దోసెలు' అని" అంది డెబోరా. తల్లీకూతుళ్ళు నవ్వుకున్నారు.

ఆ పొద్దున పోలమ్మ పీతల గంప దించి దోసెకు కూర్చుంది. పోలమ్మ వాళ్ళ గుడిసెలు కాలువ గట్టు మీద, వంతెన మొదట్లో ఉంటాయి. యానాదుల గుడిసెలు. కాలువలోనూ పులికాట్ చెరువులోనూ పీతలు, రొయ్యలు పట్టి ఊళ్ళో అమ్ముతారు. పోలమ్మ దోసె తింటూ కొత్త గీత వైపు చూసి, దాని మీద కాలి బొటనవేలితో గీరింది.

"ఊరు ఇక్కడ్నించి మొదలంటనే అక్కా?"

"అవునే పోలీ. ఇక్కడ్నించే" అంది ఆనందకుమారి గర్వంగా.

పోలమ్మ గీత వైపు, వంతెన వైపు, మధ్యలో ఉన్న తన గుడిసెల వైపు చూసింది. "అయితే మేం ఇంక అరవోళ్ళమా?" అని నవ్వింది. ఫిర్యాదు చేస్తున్న నవ్వు కాదు, నిజంగానే అడిగిన మాట. "మాకు అరవం కూడా సరిగ్గా రాదే అక్కా."

ఆనందకుమారి కూడా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

ఆకుపచ్చ ట్యాంకరు వంతెన దిగి వచ్చినప్పుడు ఆ గుడిసెల ముందు నుంచే వచ్చింది. తిరిగి వెళ్ళినప్పుడూ వాటి ముందు నుంచే పోయింది. అక్కడ ఆపమని ఆ డ్రైవరుతో ఎవరూ అనలేదు. తనూ అనలేదు. అసలు సుబ్బు ట్యాంకరు ఎన్నడైనా అరుగు దాటి అటు పోయిందా? పోలమ్మ వాళ్ళు నీళ్ళెక్కడ పట్టుకుంటారు? ఇన్నేళ్ళుగా పీతలు కొంటోంది. ఆ సంగతి ఏనాడూ అడగలేదు.

"నీళ్ళు ఎట్లా మే మీకు?"

"మీ వీధిలో అందరూ పట్టుకున్నాక, ట్యాంకరులో మిగిలితే పట్టుకుంటాం. లేకపోతే అడుక్కుంటాం" అంది పోలమ్మ మామూలుగా. చేతులు కడుక్కొని, గంప ఎత్తుకొని, "పీతలు బాగుండాయి, రెండు తీసుకో అక్కా" అంది.

పెనం మీద దోసె మాడిపోయి పొగ వచ్చింది. ఆనందకుమారి దాన్ని గీకి పారేసింది. స్తంభం రాబోయే చోటు చూసింది. రంగు లైట్లు, కుర్చీలు, నెమ్మదించే కార్లు అన్నీ కనిపించాయి. అవి నిజంగా బాగున్నాయి. వాటిని ఇంకాసేపు చూసి, పొయ్యి ఆర్పింది.

"డెబోరా, బండి చూసుకో మే."

గణేష్ మనుషులు అప్పుడే గడ్డపారలు దించుతున్నారు. "ఆగండయ్యా, ఆగండి!" అని ఆమె అరిచింది.

"ఇప్పుడేమొచ్చింది అక్కా?"

"ఇది కాదు చోటు. ఇంకా అటు. వంతెన దగ్గిరికి."

గణేష్ తల పట్టుకున్నాడు. "నీకేమన్నా పిచ్చా? అక్కడ నేలంతా బురద. పునాది ఎంత లోతు తీయాలో తెలుసా? పైగా నీ బండి చీకట్లో ఉంటది."

"లోతుగా తీయండి. మీ దోసెల సంగతి నేను చూసుకుంటా. నా బండికి నా బల్బు ఉండాది."

ఫోన్ చేస్తే పద్మనాభయ్య వచ్చాడు. సంగతి విని నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడ్డాడు. "నువ్వు అడిగిన చోటే గదా మే ఇది? ఇంకెక్కడికి జరపను? వంతెనంతా జరిపేదా?"

ఆనందకుమారి గట్టు మీద గుడిసెల వైపు చెయ్యి చూపించింది. అక్కడ పోలమ్మ వల ఆరేస్తూ ఇటే చూస్తోంది. "వాళ్ళు కూడా మనోళ్ళే గదన్నా. మలుపు దగ్గర నిలబడి మీరు మమ్మల్ని మరిచిపోయినారు. అరుగు దగ్గర నిలబడి నేను వాళ్ళను మరిచిపోయినా."

పద్మనాభయ్య చాలాసేపు ఆ గుడిసెల వైపు చూశాడు. తన మోటారు సైకిలు రోజూ ఆ ముందు నుంచే పొలానికి పోతుంది. గణేష్ చేతిలోంచి కొలత టేపు తీసుకొని, దాని కొస ఆమె చేతికిచ్చాడు. "నడువు. యాడ ఆగాల్నో నువ్వే ఆగు."

ఆమె టేపు కొస పట్టుకొని వెనక్కి నడవడం మొదలుపెట్టింది. అరుగు దూరమైంది, బండి దూరమైంది. ఎలిశబెతు ఇంటి ముందు వీధి జనం చేరి, "ఇంకా, ఇంకా" అని కేకలు వేస్తున్నారు. క్రీస్తురాజు క్లారినెట్ తెచ్చి, పెళ్ళికూతుర్ని అత్తారింటికి పంపే పాట ఎత్తుకున్నాడు. మొదటి గుడిసె దాటింది. రెండోది దాటింది. వల వదిలేసి పోలమ్మ కూడా పక్కన నడుస్తోంది. చెప్పులు బురదలో దిగబడితే ఆనందకుమారి వాటిని అక్కడే వదిలేసి వట్టికాళ్ళతో పోయింది. ఆఖరి గుడిసె దాటాక ఆమె కాలు జారింది. పోలమ్మ ఆమె జబ్బ గట్టిగా పట్టుకుంది.

"ఆగు మే, ఆగు!" దూరం నుంచి పద్మనాభయ్య అరిచాడు. "ఇంకో అడుగేస్తే కాలవలో పడతావు. పడితే నువ్వు నిజంగానే తమిళనాడు!"

గట్టు మీద అందరూ పగలబడి నవ్వారు. ఆనందకుమారి, పోలమ్మ ఒకర్నొకరు పట్టుకొని, మోకాళ్ళ దాకా బురదలో నిలబడి, అందరికంటే గట్టిగా నవ్వారు.

"ఇక్కడ కొట్టండి మేకు" అంది ఆనందకుమారి.